కోస్గి దారిలో ఎర్రలైటు

యాత్రలు రాసేవాళ్ళంతా కాశీ అంటారు, రామేశ్వరం అంటారు. అక్కడి గోపురాల ఎత్తు, సత్రంలో పప్పు పలచన రాసి మనల్ని చదవమంటారు. హుజూర్‌నగర్ నుంచి కోస్గి దాకా ఎవరైనా రాశారా? రాయరు. ఆ రాళ్ళల్లో చూడ్డానికేముందని ఎదురడుగుతారు. ఏముందో నేను చెబుతాను. ఆ దారంతా నేను వెనక్కి తిరిగి కూర్చుని చూసినవాణ్ణి. ముందుకు చూస్తూ పోయినవాళ్ళకు కనబడనివి నాకు కనబడ్డాయి.

నేను బడిమెట్టు ఎక్కలేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, నూలు కండెలకు చుట్టి వచ్చే పాత పత్రికల కాగితాలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చాను. కనుక భాషలో తప్పులుంటే దిద్దుకోండి. సంగతిలో తప్పు లేదు.

హుజూర్‌నగర్

కొత్త పైసలు వచ్చి కొన్నేళ్ళే అయింది. ముసలివాళ్ళు ఇంకా అణాల్లోనే బేరం చేసేవారు. మా హుజూర్‌నగర్‌లో అప్పటికి కిరాయి కారు ఒక్కటే. అది అంజయ్యది. ఇంగ్లండు నుంచి దిగి, ఎవరో దొర గడిలో ముసలిదై, చేతులు మారి మారి వీడి చేతిలో పడింది. డ్రైవరు పక్కన సీటు ఎప్పుడో ఊడిపోతే, ఆ జాగాలో నీళ్ళ డబ్బాలూ, అదనపు టైరూ పెట్టేవాడు. ఎక్కినవాడెవడైనా వెనక సీట్లోనే కూర్చోవాలి. బండి వెనక నడిమధ్య ఒకే ఒక్క ఎర్రలైటు. బ్రేకు తొక్కితే వెలగాలి.

పాలమూరు జిల్లా కురుమవాళ్ళు కోతలయ్యాక గొర్రెలు తోలుకుని మా కృష్ణ ఒడ్డు ఊళ్ళకు వచ్చేవారు. పొలంలో మంద నిలిపితే ఎరువు మాకు, మేత వాళ్ళకు. అట్లా వచ్చినవాళ్ళలో మల్లవ్వ అనే పెద్దమనిషి, ఆమె పెద్దకొడుకు బీరప్ప ఉన్నారు. ఒక సాయంత్రం మల్లవ్వకు జ్వరం ముదిరి ఒళ్ళు తెలియలేదు. దవాఖానకు తీసుకుపోవాలని అంజయ్యను పిలిచారు. ఆమెను వెనక సీట్లో ఒరిగించారు. బీరప్ప ఒక రైతు దగ్గర అడిగి తెచ్చుకున్న సైకిలును దవాఖాన ఉన్న ఊళ్ళోనే అప్పజెప్పవలసి ఉంది. అందుకని కారు వెనకాలే సైకిలు తొక్కుకుంటూ వస్తానన్నాడు. అకాలపు తుంపర పడుతోంది. సైకిలుకు దీపం లేదు. అంజయ్య అతనికి ఎర్రలైటు చూపించి, "గీ లైటు మీదనే కన్ను పెట్టు తమ్మీ. ఇది ఎలిగిందంటే నేను ఆగుతున్న. నువ్వు గూడ ఆగు" అన్నాడు.

వాగు దిగే వాలులో మేకలు అడ్డం వచ్చాయి. అంజయ్య బ్రేకు తొక్కాడు. బీరప్ప ఆగలేదు. తల్లినీ కొడుకునూ ఒకే కారులో దవాఖానకు చేర్చాడు అంజయ్య. తల్లి బతికింది.

ఏడాది తిరిగేసరికి కోస్గి అవతల వాళ్ళ గూడెం నుంచి కబురు వచ్చింది. వచ్చి గొంగడి మీద నిలబడు, బండారు ముట్టి చెప్పు, ఆనాడు ఎర్రలైటు వెలిగిందా లేదా అని. బండారంటే దేవుడి పసుపు. అది ముట్టి అబద్ధమాడినవాడు వాళ్ళలో పుట్టలేదట. వెలిగిందంటే తప్పు బీరప్పది, రాతను తిట్టుకుని ఊరుకుంటారు. వెలగలేదంటే మాత్రం అంజయ్య స్టీరింగు మళ్ళీ ముట్టనని అదే గొంగడి మీద మాటివ్వాలి. ఆ ముక్క తేలేదాకా మల్లవ్వ చచ్చిపోయిన కొడుకు గొంగడిని రెండోవాడి భుజాన వేయదు. వేయనిదే వాడు మందకు ముందు నడవరాదు. అది వాళ్ళ ఆచారం.

నేను మండిపడ్డాను. "ఏ చట్టంలో ఉందిరా ఇది? పోలీసులు విచారణ చేసి పోయారు కదా! పోకు."

"పోలీసులు నన్ను అడగలేదన్నా. రోడ్డు ఎంత ఎడల్పున్నదని అడిగిన్రు, మేకలెవరియని అడిగిన్రు. లైటు సంగతి ఎవలు అడిగిన్రు? గా అవ్వ అడుగుతాంది."

"మరి చెప్పు. వెలిగిందా?"

అంజయ్య నా ముఖం చూశాడు. "నాకెట్ల తెలుస్తదన్నా? నేను ముంగట కూసున్న."

అప్పటిదాకా నేను ఆలోచించని సంగతి అది. బ్రేకు తొక్కేవాడికి తన లైటు కనబడదు. ప్రపంచంలో అందరికీ కనబడుతుంది, వాడికి తప్ప.

కారు మా అరుగు ముందు నిలబెట్టి వాణ్ణి తొక్కమన్నాను. నేను వెనక నిలబడ్డాను. వెలిగింది. మళ్ళీ తొక్కమన్నాను. వెలిగింది. "నీకేం భయం, శుభ్రంగా ఉంది" అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. ఆ ఏడాదిలో ముగ్గురు నలుగురు బండ్లవాళ్ళు 'నీ లైటు ఎలగలేదు' అని వాణ్ణి తిట్టిపోయారట. ఎక్కినవాడు దిగి చూస్తే ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందట.

"నువ్వు తోడు రా అన్నా. ఎనక కూసొని, ఎక్కడంటే అక్కడ దిగి చూడు. పోయేలోపు నాకు నిజం తెల్వాలె. తెల్వకుండ బండారు మీద చెయ్యి ఎట్ల పెడ్త?"

నల్లగొండ

సాగరు కట్ట పనికి సిమెంటు మోసే లారీలు ఆ రోడ్డును పిండి కొట్టాయి. మాకు నీళ్ళొస్తాయని కట్టే కట్ట కోసం మా కళ్ళల్లో దుమ్ము కొట్టారు. ఆ దుమ్ములో నేను వెనక అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను.

నల్లగొండ చేరేముందు ఒక ఇరుకు వంతెన దగ్గర బండి ఆగింది. వెనక వచ్చిన బస్సు మమ్మల్ని గుద్దబోయి, కీచుమని నిలిచింది. డ్రైవరు తల బయట పెట్టి అంజయ్య తాతముత్తాతల్ని పలకరించాడు.

"లైటు లేదారా నీ డొక్కుబండికి? సచ్చేటోడివి నువ్వొక్కనివే సావు!"

నేను దిగి వెనక్కి వెళ్ళాను. "తొక్కు" అన్నాను. ఎర్రగా, పండు మిరపకాయలా వెలిగింది. బస్సు డ్రైవరుకు చూపించాను. ఆయన లైటును చూశాడు, నన్ను చూశాడు. పక్కనుంచి బస్సు నడుపుకుంటూ మాకు దూరంగా జరిగి పోయాడు, అంటురోగం ఉన్నవాళ్ళకు జరిగినట్టు.

గడియారం సెంటరులో ఇరానీ చాయ్ తాగాం. అణాకు వచ్చే చాయ్‌కి కొత్త పైసల్లో చిల్లర కలవక హోటలువాడు ఒక బిస్కత్తు చేతిలో పెట్టాడు. నేను దాని మీద వాదన పెట్టుకున్నాను, నాకు అలవాటు. అంజయ్య చాయ్ తాగలేదు. కప్పులోకి చూస్తూ అడిగాడు.

"అన్నా, నువ్వు సూడబోతే ఎలుగుతది. నువ్వు సూడకుంటే ఎలగదు. ఏంది ఇది?"

"తీగలో ఎక్కడో వదులు ఉంది. అంతే. దయ్యం గియ్యం అన్నావంటే ఇక్కడే దిగిపోతాను."

"నేను అనలే. నువ్వే అన్నవు."

దేవరకొండ

దేవరకొండ దాకా రాళ్ళు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి, మళ్ళీ వస్తామని పోయినట్టుంటాయి. మిట్టమధ్యాహ్నం కోట కింద ఒక బండనీడన కారు ఆపి, జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టే ఒక ఇంటి ముందు కూర్చున్నాం. మా వైపు అన్నం లేనిదే భోజనం కాదు. ఇక్కడ రొట్టె తట్టే ఆమె, "మీ దిక్కు దినాం బువ్వనే తింటరా? కడుపు నిండుతదా?" అని మా మీద జాలిపడింది.

రొట్టె సగంలో ఉండగా ఆమె చెయ్యి ఆగింది. "మీ బండిల ఇంకెవరన్న ఉన్నరా?"

"లేరమ్మా."

"మరి ఎనక ఎర్రలైటు ఎవలు ఎలిగిచ్చిన్రు?"

చూశాం. బండనీడలో, తలుపులు మూసిన ఖాళీ కారు వెనక లైటు నిండుగా వెలుగుతోంది. ఎవరో లోపల కూర్చుని, బ్రేకు మీద కాలు ఆనించి, మా భోజనం అయ్యేదాకా ఎదురుచూస్తున్నట్టు. గాలి లేదు. కోట మీద గద్ద కూడా కదలడం లేదు.

నేనే ముందు లేచాను. తలుపు తీసి చూస్తే బ్రేకు పెడలు కిందికి దిగి ఉంది, పైకి రాలేదు. చేత్తో పైకి లాగితే లైటు ఆరింది.

అక్కడి మెకానిక్ ఖాదర్ మియా బండి కిందికి దూరి, చాలాసేపు పాట పాడుకుని బయటికి వచ్చాడు. "స్ప్రింగు బుడ్ఢీ, ముసల్ది అయిపోయింది సాబ్. ఎండకు ఇంకా ఢీలా. పెడలు పైకి రాదు, స్విచ్చు బంద్ కాదు. కొత్తది ఏసిన. ఇగ ఫికర్ నక్కో."

"వెలగాల్సినప్పుడు వెలగకపోవడం కూడా దీనివల్లేనా?" అని అడిగాను.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "గది వేరే బీమారి. బండి పాతది. పాత మనిషికి ఒక్క బీమారే ఉంటదా?" బల్బు తీసి తుడిచాడు. లైటు చుట్టూ తుప్పు గీకాడు. ఇనుముకు ఇనుము సరిగ్గా తగలకపోతే కరెంటుకు తిరుగు దారి ఉండదని చెప్పాడు. నన్ను వెనక నిలబెట్టి, తానే పెడలు తొక్కాడు. తొక్కినప్పుడల్లా వెలిగింది, వదిలితే ఆరింది.

అంజయ్య ఏడాదిలో మొదటిసారి నవ్వడం అప్పుడు చూశాను. "అయితే పోయిందన్నా!" అన్నాడు. పోయిందని నేనూ అనుకున్నాను.

కల్వకుర్తి దారి

డిండి దాటాక పొద్దు వాలుతోంది. మబ్బు కమ్మింది, చినుకు లేదు. రోడ్డు మీద మేం తప్ప ఎవరూ లేరు.

అప్పుడు వెనక అద్దంలో ఒక సైకిలు కనబడింది. ఎక్కడినుంచి వచ్చి చేరాడో చూడలేదు. తలమీదుగా గొంగడి కప్పుకున్నాడు, ముఖం తెలియదు. గుంతల్లో మేం మెల్లగా పోతే అతనూ మెల్లగా తొక్కాడు. మేం జోరు పెంచితే అతనూ పెంచాడు. దూరం తగ్గదు, పెరగదు. దుమ్ము మా వెనక లేచి అతని మీద పడుతోంది. తుడుచుకోడు.

నేను అంజయ్యకు చెప్పలేదు. ముందున్న అద్దంలో వాడూ చూస్తున్నాడని, మెడ బిగుసుకోవడం చూసి తెలుసుకున్నాను.

"అన్నా, ముంగట వాగున్నది. దిగుడు" అన్నాడు మెల్లగా. "బ్రేకు తొక్కాలె."

"తొక్కు."

"ఆడు ఆగుతడా?"

వాడు తొక్కాడు. సైకిలు ఆగలేదు. అద్దం నిండా గొంగడి పెరుగుతూ వచ్చింది. నేను ఏం అరిచానో నాకు తెలియదు. ఆఖరి క్షణంలో సైకిలు పక్కకు వంగి, కారును రాసుకుని, ముళ్ళకంపలో పడింది.

అంజయ్య దిగలేదు. స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. నేనే దిగాను. కంపలోంచి లేచినవాడు గొంగడి విదిలించాడు. నడి వయసు కల్లుగీత మనిషి, ముఖమంతా దుమ్ము.

"మీకేం రోగమయ్యా! దొర బండి గదాని నీడన పోదామనుకుంటె సంపుతరా? ఆగుతుంటె లైటు ఎయ్యరాదు?"

"వెయ్యలేదా?"

"ఎయ్యలే! నాకు కండ్లు లేవా?"

"అంజయ్యా, తొక్కి చూపించు" అని కేక వేశాను. వాడి కాలు ఎట్లా కదిలిందో, లైటు వెలిగింది. ఆ మబ్బు చీకట్లో మా ఇద్దరి ధోవతుల మీదా ఎర్రగా పడింది.

కల్లుగీత మనిషి దాన్ని చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. "ఇప్పుడు ఎలుగుతాంది" అన్నాడు. "అప్పుడు ఎలగలే. బండారు ముట్టి చెప్త, ఎలగలే." బండారు సంగతి మేం అతనికి చెప్పనే లేదు. సైకిలు ఎత్తుకుని, ఎక్కకుండానే, తోసుకుంటూ వెనక్కి తిరిగి పోయాడు.

జడ్చర్లకు ముందు

కల్వకుర్తిలో పడుకుని మర్నాడు బయలుదేరాం. పల్లికాయ పొలాల నడుమ రోడ్డు. ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. ఒకచోట గాజుల గంప దించుకుని రోడ్డు పక్కన కూర్చున్న ఒక మనిషి చెయ్యి అడ్డం పెట్టింది. శంకరమ్మ అట. జడ్చర్ల సంతకు పోవాలట. ఒడ్డూ పొడవూ ఉన్న మనిషి.

"ఎనక సీట్ల కూసో అమ్మా" అన్నాడు అంజయ్య.

ఆమె కూర్చుంటే సీటు మూలిగింది. "ఏంది నాయినా, నీ సీటు ఏడుస్తాంది? నేను ఎక్కిన బస్సులు గూడ ఏడ్వలే!" అని తానే నవ్వి, నన్ను ఒక మూలకు నెట్టింది. దారంతా మా నోరు తెరిపించాలని చూసింది. "ఎవరన్న సచ్చిన్రా? సావుకు పోతున్నట్టు కూసున్నరు."

అంజయ్య గేరు మార్చాడు.

ఒక మైలురాయి దగ్గర ఇంజను వేడెక్కింది. నీళ్ళు పోయడానికి ఆగాం. అలవాటుకొద్దీ నేను దిగి వెనక్కి వెళ్ళాను. శంకరమ్మ దిగలేదు, సీట్లో కాళ్ళు చాపుకుంది.

"తొక్కు" అన్నాను.

వెలగలేదు.

"తొక్కమన్నాను కదా!"

"తొక్కే ఉన్నన్నా!"

నల్లగా, చచ్చిన కన్నులా ఉంది లైటు. మొదటిసారి నా కళ్ళతో చూశాను. అరచేతితో కొట్టాను. లేదు. ఇంతలో శంకరమ్మ, "జర నడుం పట్టేసింది" అంటూ తలుపు తీసి కిందికి దిగింది. ఆమె కాలు నేల మీద పడడం, లైటు వెలగడం ఒక్కటే.

"అమ్మా, మళ్ళీ కూర్చో."

"దిగుమనకముందే దిగిన, ఎక్కుమంటవేంది?"

"కూర్చో తల్లీ, నీకు దండం పెడతాను!"

ఆమె కూర్చుంది. ఆరింది. లేచింది. వెలిగింది. నేను రోడ్డు మీద పిచ్చివాడిలా చప్పట్లు కొట్టాను. ఇన్నాళ్ళూ ఈ బండి ఆడిన నాటకం ఇది! చూడడానికి దిగేవాడే సీటు మీద బరువు. బరువు దిగితే లైటు బాగుపడుతుంది. చూసేవాడికి ఎప్పుడూ బాగున్నదే కనబడుతుంది.

సీటు పైకెత్తాం. విరిగిన స్ప్రింగు మొన ఒకటి కిందికి పొడుచుకుని వచ్చింది. వెనక లైటుకు పోయే తీగ సరిగ్గా దాని కింద పడి ఉంది. మొన తీగ తొడుగును తిని, లోపలి రాగి పోగుల్ని సగం తెంపింది. పైన బరువు పడితే తెగిన పోగులు విడిపోతాయి, లేస్తే మళ్ళీ ఆనుకుంటాయి.

"దొరికిందిరా!" అని అరిచాను. "రాగి తీగ! దయ్యం లేదు, దేవుడు లేడు!"

అంజయ్య సీటు మళ్ళీ దించాడు. "అన్నా, నువ్వు ముంగట కూసొని తొక్కు. అమ్మా, నువ్వు ఎనక నిలబడి లైటు చూడు" అన్నాడు. నేను తొక్కాను. వాడు వంగి, ఎడమ తలుపు వైపు సీటు మీద అరచెయ్యి ఆనించాడు. మెల్లగా నొక్కాడు.

"ఎలుగుతాంది" అన్నది శంకరమ్మ వెనకనుంచి. "ఎలుగుతాంది... ఆరింది."

చెయ్యి తీశాడు. "ఎలిగింది." మళ్ళీ ఆనించాడు, ఈసారి పసిబిడ్డను పడుకోబెట్టినంత మెత్తగా. "ఆరింది నాయినా."

"ఎండిన మనిషి బరువు చాలు" అన్నాడు అంజయ్య.

నేను తొక్కిన కాలు తీయడం మరిచిపోయాను. ఆ దినం ఆ సీట్లో ఎవరు కూర్చున్నారో అప్పుడు గుర్తొచ్చింది నాకు. జ్వరంతో ఒరిగిన మల్లవ్వ. కొడుకు వెనకాల సైకిలు మీద వస్తున్నాడు, ఎర్రలైటు మీదే కన్ను పెట్టుకుని.

పాలమూరు

మహబూబ్‌నగర్‌ను ఆ జిల్లావాళ్ళు ఎవరూ ఆ పేరుతో పిలవరు, పాలమూరే. అక్కడ కట్ట మీద మిర్చీలు బాగుంటాయని విన్నాను. తిన్నాం. రుచి గుర్తులేదు. మేం పోట్లాడుకుంటున్నాం.

"ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాను. "స్ప్రింగు విరిగింది, తీగ తెగింది. నీ తప్పు లేదు. సీటు ఎత్తి చూపించు. నీ బతుకు నీకుంటుంది."

"సీటు ఎత్తి సూపిస్తె అవ్వ అడగదా అన్నా? 'నేను కూసుంటెనే ఆరిందా బిడ్డా' అని అడిగితె ఏం జెప్పాలె?"

"నిజం చెప్పాలి! నిజం ఒకరికి చెప్పేదీ, ఒకరికి దాచేదీ అయితే ఇంత దూరం ఎందుకొచ్చాం?"

"నాకు తెల్వాలని వచ్చిన. తెలిసింది."

"స్టీరింగు ముట్టకపోతే ఏం తింటావురా? పెళ్ళాం పిల్లలకు ఏం పెడతావు?"

వాడు మిర్చీ కాగితం మడతలు పెట్టాడు. "బీరప్పకు నేనే జెప్పిన, లైటు చూస్కుంట రమ్మని" అన్నాడు. "అవ్వ చెప్పలే."

నాకు కోపం ఆగలేదు. గొంగడి మీద నిలబెట్టే కులపెద్దల మీద, విరిగిన స్ప్రింగు మీద, సమయానికి అడ్డం వచ్చిన మేకల మీద, అందరికంటే ఎక్కువ వీడి మీద. ఇంత సుళువుగా బతుకును పక్కకు పెట్టేవాణ్ణి ఏం చేయాలి? కోస్గి పోయే రోడ్డు మీద ఒక పొలం గట్టున కారు ఆపి, వాడు కత్తెర తీసుకుని వెనక డిక్కీ తెరిచాడు. లైటు దగ్గర తీగను పట్టుకుని ఒక జానెడు ముక్క కత్తిరించి పొలంలోకి విసిరేశాడు.

"తొక్కమంటరు" అన్నాడు. "సీటు ఖాళీగ ఉంటె ఎలుగుతది. ఎలిగితె నా మాట నమ్మరు, మల్ల బండిల ఎతుకుతరు. ఇగ ఎతకరు."

నేనే పెడలు తొక్కి, నేనే వెనక్కి పోయి చూడలేను కదా. అందుకని వాడు తొక్కాడు, నేను చూశాను. నల్లగా ఉంది. సీటు మీద ఎవరున్నా, ఎవరూ లేకున్నా, ఆ లైటు ఇక వెలగదు.

కోస్గి అవతల

గూడెంలో మమ్మల్ని శత్రువుల్లా చూడలేదు. అదే నాకు మింగుడుపడలేదు. సల్ల పోసిన గట్క పెట్టారు, అంటే మజ్జిగలో జొన్నసంకటి. తినేదాకా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా వైపు పంచాయితీలో తిట్లు ముందు, తిండి తరువాత.

తరువాత ఎండలో నల్లగొంగడి పరిచారు. ఇత్తడి పళ్ళెంలో బండారు తెచ్చారు. మల్లవ్వ వచ్చి కూర్చుంది. ఒళ్ళో మడతపెట్టిన ఇంకో గొంగడి. అది బీరప్పదని ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఆమె వెనక రెండోకొడుకు మల్లేశు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె అంజయ్యను చూసి, "బక్కగైనవు బిడ్డా" అన్నది. అంతే.

అంజయ్య చెప్పులు విడిచి గొంగడి మీద నిలబడ్డాడు. కులపెద్ద పళ్ళెం ముందుకు చాచాడు. "ముట్టి చెప్పు. ఆ దినం నీ బండి ఎర్రలైటు ఎలిగిందా?"

అంజయ్య బండారు ముట్టాడు. "ఎలగలే."

కులపెద్ద పళ్ళెం గొంగడి మీద పెట్టాడు.

"ఎందుకు?"

"తీగ ఖరాబుండె. నేను చూస్కోలే. నాదే తప్పు."

"చూద్దాం పా" అన్నాడు కులపెద్ద. అందరూ లేచి కారు వెనక్కి వెళ్ళారు. అంజయ్య స్టీరింగు ముందు కూర్చున్నాడు. "తొక్కుతున్న" అని కేక వేశాడు. ఎర్రగాజు మీద ఎండ తళతళ. అందరూ వంగి చూశారు. లేదన్నారు. కులపెద్ద నిట్టూర్చి, "ఇగ మాటియ్యాలె" అన్నాడు.

"ఆగుండ్రి" అన్నది మల్లవ్వ.

ఆమె మెల్లగా వచ్చి కారు వెనక కూలబడింది. ఎండ పడకుండా లైటు చుట్టూ రెండు చేతులూ దొప్పలా పట్టి, ఆ సందులో కన్ను పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎలుగుతాంది" అన్నది.

గుంపు కదిలింది. "మాకు కానరాలేదవ్వా" అన్నాడు కులపెద్ద.

"మీరు ఎండల చూసిన్రు. నేను చేతులడ్డం పెట్టిన. ఎర్రగ ఎలుగుతాంది."

"తీగ ఖరాబైందని ఆయనే అంటుండు గద."

"ఆయన ముంగట కూసున్నడు. ఎనక ఏమైతాందో ఆయనకేం ఎరుక?"

కులపెద్ద తికమకపడి నా వైపు తిరిగాడు. "నువ్వు అచ్చరాలొచ్చినోనివి. నువ్వు చూసి చెప్పయ్యా. నీ మాటే మాట."

అంజయ్య కాక, ఇంతమందిలో ఆ తీగ లేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మోకాళ్ళ మీద కూర్చున్నాను. మల్లవ్వ చేతులు తీయలేదు. కొంచెం జరిపి, నా కంటికి చోటిచ్చింది. ఆ వేళ్ళు ఉన్నికంపు కొడుతున్నాయి. సందులో కన్ను పెట్టాను.

ఎర్రగా ఉంది. వేళ్ళ అంచులు, అరచేతి గీతలు, అన్నీ ఎర్రగా ఉన్నాయి. ఎండ గాజులోంచి దూరిందని మీరంటారు. అనండి. ఆ మాట నాకు మీకంటే ముందే తట్టింది, ఆమె చేతుల్లో సందు ఎక్కడుందా అని వెతికాను కూడా. దొరకలేదు.

"వెలుగుతోంది" అన్నాను.

ఒక్కసారిగా గుంపు వదులైంది. అందరూ ఒకేసారి మాట్లాడారు. కులపెద్ద పళ్ళెం తెచ్చి, కిటికీలోంచి అంజయ్య నొసట బండారు రాశాడు. మల్లవ్వ లేచి, ఒళ్ళోని గొంగడి విదిలించి, మల్లేశు భుజాన వేసింది. వేస్తూ ఏడ్చింది. అంతవరకూ ఏడవని మనిషి.

ఆ గోలలో నేను ముందుకు వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. అంజయ్య నా వైపు వంగి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"అన్నా, మల్ల తొక్కమంటరా? అవ్వ వచ్చి లైటు కాడ కూసున్నప్పుడే నా కాలు వణికి తీసేసిన. అప్పటిసంది తొక్కనే లేదు."